రెండు దీపాల పెట్టె

కోవిల్‌పట్టికి ఉత్తరాన, ఊరు ఇంకా మొదలవకముందే, రైలు పట్టాలకు వీపు తిప్పి కూర్చున్న ఇళ్ల వరస ఒకటుంది. అందులో చివరి ఇల్లు సవరిముత్తుది. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి, పట్టాల బోల్టులు బిగించే కీమ్యాన్‌గా ఏళ్లతరబడి పట్టాల వెంట నడిచి, చివరికి సుత్తీ స్పానరూ అప్పజెప్పి ఇంటికొచ్చిన మనిషి. ఇంటికొచ్చాడన్న మాటే గానీ చెవులు పట్టాల మీదే ఉండిపోయాయి. అన్నం కలుపుతూ మధ్యలో ఆగి, ఎవరూ అడక్కపోయినా, "గూడ్సు. నిండా సరుకుండాది" అనేవాడు. ఆ ఇంట్లో వినేవాళ్లెవరూ మిగల్లేదని ఆయనకు గుర్తుండేది కాదు.

మంచి పనివాడే. మంచి మనిషి కూడా అని రాసెయ్యాలనే ఉంది గానీ, ఆయన చేసిన ఘనకార్యం ఒకటి అడ్డం వస్తోంది. దాని సంగతి తరవాత. ముందు రైలుబొమ్మ సంగతి చెప్పాలి.

ఆయన భార్య మారియమ్మాళ్ అగ్గిపెట్టెల కంపెనీకి పనికి వెళ్లేది. వంకరపోయిన పుల్లలూ, అచ్చు తప్పిన అట్టలూ అడిగి ఒళ్లో కట్టుకొచ్చేది. క్రిస్మస్ నెలలో ఏసు పుట్టిన పశువులపాకను బొమ్మగా కట్టని క్రైస్తవుల ఇల్లు ఆ వీధిలో లేదు. గొర్రెలు, ఒంటెలు, ముగ్గురు రాజులు, ఎవరింట్లో చూసినా అవే. సవరిముత్తు ఇంట్లో మాత్రం పాక పక్కకు ఓ రైలు వచ్చి ఆగింది. బెత్లెహేముకు రైలేమిటయ్యా అని ఫాదర్ నవ్వితే, "రాజులు అంత దూరం నించీ నడిచేనా వస్తారు సామీ?" అన్నాడట మనవాడు, నవ్వకుండా.

అగ్గిపుల్లలతో చట్రం, అట్టతో గోడలు, ఉడికించిన మైదా జిగురు. బ్లేడుతో కిటికీలు కోసి లోపలినుంచి నూనెకాగితం అంటించేవాడు. సీరియల్ బల్బుల సెట్టు కొనుక్కొచ్చి, ముందు అందులో ఎర్ర బల్బులూ పచ్చ బల్బులూ ఏరి పక్కన పడేసేవాడు. పట్టాల పక్క ఇంట్లో ఆ రెండు రంగులూ వెలగకూడదని ఆయన పట్టుదల. ఇంజను నడిపేవాడి కన్ను ఒక్క క్షణం మోసపోయినా ఏమవుతుందో ఆయనకు తెలుసు. మిగిలిన పసుపు బల్బులను పెట్టెకొకటి చొప్పున పైకప్పు కింద దాచి, తీగను అడుగునుంచి ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి లాగేవాడు. స్విచ్చి వేస్తే కిటికీలన్నీ ఒక్కసారి వెలిగేవి, లోపల జనం కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఉండేది.

కూతురు సగాయరాణి అప్పటికి చిన్నపిల్ల. ఓసారి తల్లితో విరుదునగర్ వెళ్లి వస్తుంటే ఆడవాళ్ల పెట్టెలో దీపం పోయి, దారి పొడుగునా చీకట్లో కూర్చుని వచ్చింది. ఇంటికొచ్చీ రాగానే తండ్రిని పట్టుకుంది.

"నాయినా, మన పెట్టెలో మాత్రం దీపం లేదేంటికి?"

"ఫ్యూజు పోయుండాది పాపా."

"అట్లయితే మన బొమ్మరైల్లో ఆ పెట్టెకు రెండు దీపాలు పెట్టు. ఒగటి పోతే ఇంగొగటి ఉండాల గదా!"

పెట్టాడు. అప్పటినుంచి ఆ రైల్లో ఆడవాళ్ల పెట్టె ఒక్కటే తక్కినవాటికన్నా రెట్టింపు వెలుగుతో ఉండేది. చూసినవాళ్లు ఇదేదో లెక్క తప్పిందనుకునేవారు. లెక్క తెలిసినవాళ్లు లోకంలో ముగ్గురే.

ఆ ముగ్గురిలో మారియమ్మాళ్ ముందు వెళ్లిపోయింది. రాణి అప్పుడు ఎనిమిదో తరగతి. ఆ తరవాత పిల్లను సవరిముత్తే పెంచాడు. జడ వెయ్యడం కూడా ఆయనే. బోల్టులు బిగించిన చేతులు కదా, జడను కూడా అలాగే బిగించేవాడు. "నొస్తాది నాయినా!" అని పిల్ల కేకలు పెట్టేది. మళ్లీ పెళ్లి చేసుకోమని చుట్టాలు పోరుతుంటే చేతులెత్తి దండం పెట్టేశాడు. కూతురే ఆయన లోకం. ఇది నిజం. నిజం కాబట్టే తరవాత చేసింది అంత ఘోరమైంది.

రాణి పెద్దదై, కోవిల్‌పట్టి బజారులో జెరాక్సు కొట్టులో పనికి కుదిరింది. విరుదునగర్ పప్పు మిల్లులో మెకానిక్కు పాండియరాజన్ అక్కడే పరిచయమయ్యాడు. కులం వేరు, దేవుడు వేరు, ఇంట్లో మాట కూడా వేరు, వీళ్లది తెలుగు, అతనిది తమిళం. అడిగితే తండ్రి ఒప్పుకోడని తెలిసి, అడక్కుండానే రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకుంది.

ఆ సీమలో మనిషి పోతే గోడలకు పోస్టర్లు అంటిస్తారు. నవ్వుతున్న ఫోటో, పైన 'కన్నీటి అంజలి' అని పెద్ద అక్షరాలు, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ. మాట వినకుండా పెళ్లాడిన కూతురికి, ఆమె నిక్షేపంగా బతికుండగానే, ఆ పోస్టర్ వేయించే తండ్రులు కూడా ఉన్నారు. సవరిముత్తు వేయించాడు. పోయిన తేదీ ఉండాల్సిన చోట పెళ్లి తేదీ వేయించాడు. జిగురు స్వయంగా తనే ఉడికించాడు, రైలు పెట్టెలకు ఉడికించే గిన్నెలోనే. బస్టాండులో, స్టేషన్ బయట, చివరికి విరుదునగర్ వెళ్లి ఆ మిల్లు ఉన్న వీధిలో కూడా అంటించి వచ్చాడు. ఏం మనిషి! పిల్లకు జడలు వేసిన చేతులు ఆ పని ఎలా చేశాయో నాకైతే ఈ రోజుకూ అర్థం కాదు. రాణి పేరు తన ఎదుట ఎత్తవద్దని వీధిలో అందరిచేతా ఒట్టేయించుకున్నాడు. వీధివాళ్లు కొందరు భుజం తట్టారు, కొందరు మొహం తిప్పుకున్నారు. పక్కింటి ముత్తుప్పేచ్చి మాత్రం కొన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు.

ఆ ఏడాది ఇంట్లో నక్షత్రం కట్టలేదు, పాక కట్టలేదు. చావు జరిగిన ఇంట్లో పండుగ చెయ్యరు కదా, ఆ నియమం కూడా పాటించాడు మహానుభావుడు.

అప్పట్లో అది ఒంటి లైను. సాయంత్రం విరుదునగర్ వైపునుంచి వచ్చే పాసెంజరు, ఎదురుగా వచ్చే ఎక్స్‌ప్రెస్‌కు దారివ్వడానికి ఊరిబయటే, సరిగ్గా ఆ ఇళ్ల వెనక నిలబడిపోయేది. క్రిస్మస్ ముందురోజు సవరిముత్తు పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే రైలు వచ్చి ఆగింది. తలెత్తి చూశాడు. ఆడవాళ్ల పెట్టె తలుపు దగ్గర రాణి నిలబడి ఉంది. చేతిలో సంచీ లేదు, ఏమీ లేదు. ఇంటివైపే చూస్తోంది. ఆయన చెంబు అక్కడే వదిలేసి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. రైలు కదిలే చప్పుడు వినబడేదాకా తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

మర్నాడు చర్చి నుంచి వస్తూనే అటకెక్కి రైలుబొమ్మ దించాడు. ఎలుకలు మైదా జిగురు కోసం అట్టలు కొరికేసి ఉన్నాయి. కూర్చుని బాగు చేశాడు. తరవాతి ఏడు డిసెంబరు పుట్టగానే దాన్ని పాక పక్కన పెట్టలేదు. పెరటి గోడ మీద, పట్టాలకు ఎదురుగా, ఇంజను నుంచి చివరి పెట్టె దాకా వరసగా నిలబెట్టి దీపాలు వేశాడు. ఆడవాళ్ల పెట్టెకు రెండు. మంచుకు తడవకుండా పైన ప్లాస్టిక్ కాగితం. ఏ రోజు వస్తుందో తెలియదు కాబట్టి నెలంతా వెలిగించాడు.

పండుగ ముందురోజు వచ్చింది. తలుపు దగ్గరే నిలబడింది. ఆయన మళ్లీ లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. దీపాలు పెట్టింది ఆమె కోసమే. అది ఆమెకు తెలియాలి. కానీ తను ఓడిపోయినట్టు మాత్రం తెలియకూడదు. ఇదీ ఆయన వరస. అలా ఒక ఏడు కాదు, ఏటేటా అదే తంతు. తలుపు సందులోంచి చూసేవాడు. ఓ ఏడు ఆమె కడుపుతో ఉంది. ఇంకో ఏడు చంకలో బిడ్డ ఉంది. రాణి బిడ్డ చెయ్యి పట్టుకుని గోడవైపు చూపిస్తోంది. ఆ ఏడు గడియ మీదికి చెయ్యి వెళ్లింది. తీసేలోపు ఎక్స్‌ప్రెస్ దాటిపోయింది, పాసెంజరు కదిలిపోయింది.

"వచ్చే ఏడు బయిటే నిలబడ్తాను" అన్నాడు ముత్తుప్పేచ్చితో. అప్పటికి ఆమె మళ్లీ మాట్లాడుతోంది.

"ఏం, ఈ ఏడు కాళ్లు లేవా?" అంది ఆమె.

ఆ వచ్చే ఏడుకల్లా రెండో లైను పడింది. ఎవరూ ఎవరికోసం ఆగనక్కర్లేదు. పోయిన క్రిస్మస్‌కు సవరిముత్తు ఉతికిన చొక్కా వేసుకుని, గోడ పక్కన దీపాల దగ్గర, అన్న మాట ప్రకారం బయటే నిలబడ్డాడు. పాసెంజరు వచ్చింది, ఈలవేసుకుంటూ వెళ్లిపోయింది. కిటికీలన్నీ కలిసి ఒకే గీతలా కనబడ్డాయి. అందులో రాణి ఉందో లేదో కూడా తెలియలేదు. బతుకంతా ఆ లైను బాగుండాలని కాపలా కాసినవాడు, ఆ రోజు దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు.

ఈ ఏడు డిసెంబరులో రైలుబొమ్మను గోడ మీద పెడుతుంటే ముత్తుప్పేచ్చి వచ్చి నిలబడింది.

"అన్నా, ఇంగ ఈ రైలుకు ఆ రైలు నిలవదు. నువ్వే ఒగమాటు పోయిరా, విరుదునగరుకు."

"పోతే వాకిట్లోకి రానిస్తారా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. రానివ్వరనే అనుకుంటోంది కాబోలు అనుకున్నాడు. అయినా మర్నాడే బయల్దేరాడు. ఆడవాళ్ల పెట్టెను వరసలోంచి విడదీసి, దాని రెండు దీపాలకూ పెన్సిల్ బ్యాటరీలు తగిలించి, చిన్న స్విచ్చి బిగించి, తువ్వాలులో చుట్టి గుడ్డసంచీలో పెట్టుకున్నాడు. దారంతా ఒళ్లోనే పెట్టుకున్నాడు. ముందు ఏమనాలో అనుకుంటూ వెళ్లాడు. 'పాపా, తప్పు నాది.' ఈ మూడు మాటలే. ఇన్నేళ్లూ ఇవి నోటికి రాలేదు. ఇప్పుడు సాత్తూరు దాటేసరికి కంఠతా వచ్చేశాయి.

మిల్లు వెనక సందులో ఇల్లు అడిగి పట్టుకున్నాడు. పాండియరాజన్ గుమ్మంలోకి వచ్చి, గుర్తుపట్టి, కోప్పడలేదు, నవ్వలేదు. పక్కకు జరిగి లోపలికి దారి ఇచ్చాడు.

సవరిముత్తుకు మొదట కనబడింది ఎర్ర దీపం. గోడకు వేసిన చిన్న బల్బు. ఎర్ర దీపం చూస్తే ఆగడం ఆ కాళ్లకు అలవాటు, గడపలోనే ఆగిపోయాయి. తరవాత దాని పైనున్న ఫోటో చూశాడు. దండ వేసి ఉంది. నీలం పరదా ముందు రాణి నవ్వుతోంది. ఆ ఫోటో ఆయనకు బాగా తెలుసు. పైనంచున, కత్తెర వంకరగా పోయినచోట, పెద్ద అక్షరాల పాదాలు ఇంకా మిగిలి ఉన్నాయి. అది ఆయన వేయించిన పోస్టరే.

గోడ పట్టుకుని కూర్చున్నాడు.

"ఎప్పుడు?"

"ఆడి నెలలో" అన్నాడు పాండియరాజన్ తమిళంలో. అంటే ఐదు నెలల కిందట. "కామెర్లు. ముదిరిపోయాకగానీ తెలియలేదు. మా పెళ్లయిన వారానికే మా వీధి గోడ మీంచి ఈ పోస్టర్ ఊడదీసి తెచ్చుకుంది. చింపేస్తుందనుకున్నాను. 'ఫోటో బాగుంది, ఇంత పెద్దది నాకు ఇంకోటి లేదు' అని దాచుకుంది. చివరికి ఇదే పనికొచ్చింది."

"నాకొక్క మాట చెప్పి పంపుండొచ్చే." అన్నాడు సవరిముత్తు.

"చెప్పాలనే అనుకున్నాను, పెద్దాయనా. తనే వద్దంది." పాండియరాజన్ ఆగి, భార్య దగ్గర నేర్చుకున్న వచ్చీరాని తెలుగులో, ఆమె మాటనే ఒప్పజెప్పాడు. "'నాయిన నా కోసం ఒగమాటు ఏడ్సేసినాడు. రెండో మాటు ఏడిపించొద్దు.'"

సవరిముత్తు తల ఎత్తలేకపోయాడు. రాణి పోయిన కబురు ఊళ్లో విన్నవాళ్లు ఉండే ఉంటారు. ముత్తుప్పేచ్చి తప్పక విని ఉంటుంది. కానీ ఆయన ఎదుట ఆ పేరు ఎత్తవద్దని ఒట్టేయించుకున్నది ఆయనే కదా.

పాండియరాజనే మళ్లీ అన్నాడు. "మీరొస్తే ఒకటి అడగాలనుకున్నాను. ఏటా పండుగ ముందురోజు టిక్కెట్టు కొని ఆ రైలెక్కేవాళ్లం, దీపాలు చూడ్డానికే. కోవిల్‌పట్టిలో దిగి, టీ తాగి, వెనక్కొచ్చేసేవాళ్లం. 'ఆ రెండు దీపాల పెట్టె నాది. ఈ ఏడు తలుపు వేసుకున్నాడు, వచ్చే ఏడు బయటికొస్తాడు చూడు' అనేది. పోయినేడు రైలు ఆగలేదు. కానీ గోడ దగ్గర ఎవరో నిలబడి ఉన్నారని, అది నాన్నేనని, ఇంటికొచ్చేదాకా ఒకటే ఏడుపు, ఒకటే నవ్వు. నేను నమ్మలేదు. స్తంభమేమో అన్నాను. అది మీరేనా?"

"నేనే" అన్నాడు సవరిముత్తు. "నేనేనయ్యా. తెల్ల చొక్కా ఏసుకుని నిలబడుంటిని."

పాండియరాజన్ ఫోటో వైపు తిరిగిపోయాడు. "నిజమేనంట" అన్నాడు దానితో, మెల్లిగా. భుజాలు కదులుతున్నాయి.

ఇంతలో సంచీ దగ్గర చప్పుడైంది. రాణి కూతురు జోతి, నాలుగేళ్ల పిల్ల, తువ్వాలు విప్పేసి పెట్టెను రెండు చేతులా పట్టుకుంది. కిటికీలోంచి లోపలికి ఒంటికన్నుతో తొంగిచూసింది. ఆ ఇంట్లో మాట తమిళం. కానీ పిల్ల నోట తెలుగు ముక్క వచ్చింది. "అమ్మ పెట్టె. రెండు దీపాలు." సవరిముత్తు స్విచ్చి నొక్కాడు. రెండూ వెలిగాయి. అంతవరకూ ఆపుకున్న మనిషి, అప్పుడు పిల్ల పాదాలు పట్టుకుని భోరున ఏడ్చాడు. పాపం, రెండోమాటు ఏడవకూడదని కూతురు అనుకుంది గానీ, మొదటిమాటు ఆయన ఏడవనే లేదు. జిగురు మాత్రమే ఉడికించాడు.

వెళ్లేటప్పుడు పాండియరాజన్ స్టేషన్ దాకా వచ్చాడు. "మామా" అన్నాడు ఈసారి. "కొత్త సంవత్సరం దాటిన ఆదివారం, పిల్లను తీసుకుని తిరునెల్వేలికి మా అక్క ఇంటికి వెళ్తున్నాను. ఆ సాయంత్రం రైల్లోనే. మీ వైపు కిటికీలో కూర్చుంటాం."

తిరుగు రైల్లో సవరిముత్తు తలుపు దగ్గర, కూతురు నిలబడినట్టే నిలబడ్డాడు. ఊరు దగ్గరవుతుంటే చీకటి పడింది. ముత్తుప్పేచ్చి అప్పటికే స్విచ్చి వేసింది. గోడ మీద పసుపు దీపాలు సర్రున వెనక్కి జారిపోయాయి. వాటి వెనక మూసిన తలుపు. అది అంత పెద్దగా కనబడుతుందని ఆయనకు ఇన్నాళ్లూ తెలియదు. దీపాలకన్నా ముందు తలుపే కనబడింది.

క్రిస్మస్‌కు చర్చికి వెళ్లలేదు. చావు జరిగిన ఇంట్లో పండుగ లేదు, ఈసారి నిజంగానే. నక్షత్రం విప్పేశాడు. రైలు దీపాలు మాత్రం ఆదివారం దాకా ఆర్పనన్నాడు. వరస మధ్యలో ఒక పెట్టె జాగా ఖాళీగా ఉంది. పెట్టె తీసిన రోజే రెండు తీగలు కలిపి మెలిపెట్టి, వెలుతురు ఆగకుండా చేశాడు.

"ఇంగో పెట్టె చేసి పెట్టగూడదా అన్నా, బోసిగా ఉండాదే" అంది ముత్తుప్పేచ్చి.

"అది ఆడుండాది. ఈడ ఇంగోటి ఏంటికి?" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నుంచే పెరటి తలుపు బార్లా తెరిచి, గాలికి మూసుకోకుండా రాయి అడ్డం పెట్టాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. పొద్దు వాలుతుండగా వెళ్లి గోడ వెనక, పెట్టె లేని ఖాళీ దగ్గర, ఇటు దీపాలకూ అటు దీపాలకూ మధ్యన నిలబడ్డాడు. పట్టాలు పాడడం ఆయనకు అందరికన్నా ముందు వినబడింది. చెయ్యి ఎప్పుడెత్తాలో కూడా అనుకుని ఉంచుకున్నాడు. ఇంజను రాగానే ఎత్తి, చివరి పెట్టె దాకా దించకూడదు.

రైలు వచ్చింది. ఇంజను దాటింది. కిటికీలు, కిటికీలు. చెయ్యి ఎత్తడం మరిచి వెతుకుతూ ఉండిపోయాడు. ఉన్నట్టుండి ఒక కిటికీలో, ఊచలకు ఆనించి, రెండు చిన్న పసుపు దీపాలు కనబడ్డాయి. పక్కపక్కనే, రెండూ వెలుగుతూ. పెట్టెను పట్టుకున్న మొహం కనబడలేదు. "పాపా!" అని అరిచాడు. పిలిచింది ఏ పాపనో ఆయనకే తెలియదు. చెయ్యి పైకి లేచేసరికి ఆ కిటికీ దాటిపోయింది.

తక్కిన పెట్టెలన్నీ ఎత్తిన ఆ చెయ్యి ముందునుంచే వెళ్లాయి. చివరి పెట్టెలో గార్డు, పట్టాల పక్కన చెయ్యెత్తి నిలబడిన ముసలాయన్ను చూశాడు. రైలు బాగుందని సైగ చేసే పాత గ్యాంగ్‌మన్ ఎవరో అనుకున్నాడు. అంతా సరిగ్గానే ఉందని పచ్చజెండా ఊపుకుంటూ వెళ్లిపోయాడు.